చిల్లుపడిన కర్ణభేరికి మాటు

మన గ్రామములలో చెవి కారుట ఒక వ్యాధిగా లెక్కకు రాదు. జ్వరము వచ్చిన బిడ్డను వైద్యుని యొద్దకు తీసికొని పోవుదురు. కాలు విరిగినవానిని ఆ గడియలోనే ఆసుపత్రికి చేర్చుదురు. చెవినుండి చీము కారుచున్న బిడ్డను చూచి మాత్రము, "ముసురు పట్టినప్పుడు కారుతుంది, ఎండలు ముదిరితే అదే పోతుంది" అని సరిపెట్టుకొందురు. ఇంత దూది పెట్టి బడికి పంపుదురు. ఎండలు ముదిరినపుడు కారుట ఆగుట నిజమే. కాని మరల వానలు వచ్చును, మరల చెవి కారును. ఇట్లు అయిదారేండ్లు గడచిన పిమ్మట ఆ బిడ్డ పిలిచిన పలుకదనియు, చదువులో మందమనియు పేరు తెచ్చుకొనును. అప్పటికిని ఎవరును ఆ చెవిలోనికి దీపము వేసి చూచియుండరు.

చూచినచో కనబడునది పెక్కుసారులు ఒక చిల్లు, అనగా కర్ణభేరి యను పలుచని పొరకు పడిన రంధ్రము. దానిని పూడ్చుటకు శస్త్రచికిత్స కలదనియు, నేడు చెవి వెనుక కోత పెట్టకయే, చెవిరంధ్రము గుండనే సన్నని దుర్భిణితో చూచుచు ఆ పని చేయుచున్నారనియు పంచాయతీ సభ్యులలో అందరికిని తెలియదు. ఆ విషయమును తెలియజెప్పుటకే ఈ వ్యాసము. అయితే శస్త్రచికిత్స గొప్పదనమును వర్ణించుట మాత్రమే మా ఉద్దేశము కాదు. అది ఎవరికి పనికివచ్చును, దానికి ముందు ఇంటిలో ఏమి మానవలెను, పిమ్మట మూడు నెలలపాటు ఏమి కాపాడుకొనవలెను అనునవే గ్రామమునకు ముఖ్యములు. ఆపరేషను గంట, గంటన్నరలో ముగియును. దాని ఫలము నిలుచునో నిలువదో ఇంటియొద్దనే తేలును.

చెవిలో ఏమున్నది

బయటికి కనబడు చెవిడొప్ప శబ్దమును పట్టి లోనికి పంపును. ఇంచుమించు రెండున్నర సెంటీమీటర్లు లోనికి పోయిన పిమ్మట దారి మూసికొని పోవును. అచ్చట అడ్డముగా బిగించియున్న పొరయే కర్ణభేరి. దాని వెడల్పు సుమారు 1 సెంటీమీటరు; చిటికెనవ్రేలి గోరంత అనుకొనవచ్చును. మందము మిల్లీమీటరులో పదవవంతు. ఇంత పలుచని దానిలోను మూడు వరుసలున్నవి. వెలుపల చర్మము, లోపల నోటిలోని పొరవంటి మెత్తని పొర, నడుమ గట్టి పోగుల అల్లిక. డప్పునకు తోలువలె ఈ పొరను బిగువుగా నిలుపునవి ఆ నడిమి పోగులే.

డప్పు వెనుక ఖాళీ ఉన్నట్లే కర్ణభేరి వెనుకను గాలితో నిండిన చిన్న గది కలదు. దానిని మధ్యచెవి అందురు. అందు మూడు చిన్న ఎముకలు గొలుసువలె కూర్చబడియున్నవి. వాని ఆకారమును బట్టి సుత్తి, దాగలి, అంకవన్నె అని పేర్లు పెట్టిరి. మొదటి రెండును కమ్మరి కొలిమిలోనివి, మూడవది గుఱ్ఱపు జీనుకు వ్రేలాడునది. మానవ శరీరమందలి ఎముకలన్నిటిలోను మిక్కిలి చిన్నది ఈ అంకవన్నెయే. శబ్దము తగిలి కర్ణభేరి కదలినపుడు సుత్తి కదలును, అది దాగలిని, దాగలి అంకవన్నెను కదల్చును. అంకవన్నె అడుగు లోపలిచెవి కిటికీకి ఆనియుండును. ఆ కిటికీ వెనుక నున్నది గాలి కాదు, నీరు.

చెరువులో మునిగినవానికి గట్టుమీది మాట సరిగా వినబడదని మనకందరికిని తెలియును. గాలిలోని శబ్దము నీటిపై పడినపుడు చాలభాగము వెనుకకు మరలిపోవుటయే దానికి కారణము. మన చెవిలో ఆ నష్టమును పూడ్చునది కర్ణభేరి. దాని వైశాల్యము ఆ కిటికీ వైశాల్యమునకు దాదాపు 17 రెట్లు. పెద్ద పొరపై పడిన ఒత్తిడి అంతయు చిన్న కిటికీపై కేంద్రీకరించును. ఎముకలు గడ్డపారవలె మీట వేయుటచే ఆ బలము ఇంకను పెరిగి మొత్తము 20 రెట్లకు మించును. ఇట్టి పొరకు చిల్లుపడినచో శబ్దము ఒత్తిడిగా మారుటకు బదులు చిల్లుగుండ జారిపోవును. చిల్లు చిన్నదైనచో వినికిడిలో కొద్ది లోపము మాత్రమే కలుగును. పెద్దదైనచో 40 డెసిబెళ్ల వరకును తగ్గవచ్చును. అట్టి బిడ్డకు ఎదుట నిలిచి చెప్పిన మాట వినబడును, వెనుకనుండి మెల్లగా చెప్పినది వినబడదు. బడిలో "విననట్లు నటించుచున్నాడు" అని నింద పడువారిలో ఇట్టివారు కొందరు కలరు.

చిల్లువలన రెండవ నష్టము నీరు. కర్ణభేరి వినుటకు మాత్రమే కాక, మధ్యచెవికి తలుపుగాకూడ ఉన్నది. తలుపు లేని గదిలోనికి స్నానపు నీరు, కాలువ నీరు, చెవిలో పోసిన నూనె అన్నియు చేరును. అచ్చట చీము పట్టును, ఆ చీము చిల్లును మానకుండ చేయును. వానకాలములో కారుట, వేసవిలో ఆగుట అను ఆవృత్తమునకు మూలమిదియే.

చిల్లు ఎట్లు పడును

ఎక్కువగా పసితనములోనే పడును. ముక్కు వెనుకనుండి మధ్యచెవికి ఒక సన్నని గొట్టము కలదు. పెద్దవారిలో అది పొడవుగా, ఏటవాలుగా నుండును. పసిపిల్లలలో పొట్టిగా, ఇంచుమించు అడ్డముగా నుండును. అందుచే పిల్లలకు జలుబు చేసినపుడు ఆ రోగక్రిములు సులువుగా చెవికెక్కును. గదిలో చీము నిండి, ఒత్తిడికి పొర పగులును. రాత్రియంతయు గుక్కపట్టి యేడ్చిన బిడ్డ తెల్లవారునప్పటికి శాంతించి, దిండుమీద చీము మరక కనబడినచో జరిగినది ఇదియే. ఆ మరక చూచి తల్లి ఊరట చెందును. నొప్పి తగ్గినది గదా! సరియైన మందు పడినచో ఇట్లు పగిలిన పొరలు చాలవరకు తమంతట తామే మానిపోవును. మరల మరల పగిలినవి మానవు. పడుకోబెట్టి పాలుపట్టుట, వంటింటి పొగ, చుట్ట పొగ, తట్టువంటి జబ్బులు ఈ ప్రమాదమును పెంచును. తట్టు టీకాయు, 2021 నుండి దేశమంతట పిల్లల టీకాలలో చేరిన న్యుమోకాకస్ టీకాయు చెవిని కూడ కాపాడునని తల్లులకు చెప్పువారు అరుదు.

ఇక రెండవ కారణము చేతులార చేసికొనునది. అగ్గిపుల్ల, పిన్నీసు, తలపిన్ను, కోడియీక వీనితో చెవిని కెలుకుకొనుట మనలో వేడుకవంటి అలవాటు. బస్సు కుదుపునకు చేయి జారినచో పుల్ల నేరుగా పొరను తాకును. మూడవది చెంపదెబ్బ. అరచేయి చెవిపై మూతవలె పడినపుడు లోపలి గాలి ఒక్కసారిగా అదిమి పొరను చీల్చును. ఇంటిలో భర్త చేతను, బడిలో ఉపాధ్యాయుని చేతను ఇట్లు చెవి పగిలినవారిని చెవి వైద్యులందరును చూచియేయుందురు. బడిలో పిల్లలను కొట్టుటను 2009 నాటి విద్యాహక్కు చట్టము నిషేధించినది. దెబ్బవలన పడిన చిల్లు చెవిలో నీరు, మందు, నూనె ఏదియు పోయకుండ పొడిగా ఉంచినచో చాలవరకు కొన్ని వారములలో మానును. మూడు నెలలకును మాననిచో అప్పుడు శస్త్రచికిత్స మాట.

నూనెనుగూర్చి ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. వెల్లుల్లి వేసి కాచిన నూనె, ఆకుపసరు, తల్లిపాలు చెవిలో పోయుట తరతరములుగా వచ్చుచున్నది. ప్రేమతో చేయు పనియే. కాని చిల్లున్న చెవికి అది కీడు. మందుల దుకాణములో అడిగి తెచ్చిన చుక్కలును అంతే. వానిలో కొన్ని చిల్లుగుండ లోపలిచెవికి చేరి, వినికిడి నరమునే దెబ్బతీయగలవు.

మేము చూచిన శస్త్రచికిత్స

ఇటీవల ఒక ప్రభుత్వ బోధనాసుపత్రిలో ఈ శస్త్రచికిత్సను దగ్గరనుండి చూచు అవకాశము మాకు కలిగినది. రోగి డెల్టా గ్రామమునకు చెందిన పదునాలుగేండ్ల బాలిక. వెంట నాయనమ్మయు, వారి వార్డు సభ్యుడును వచ్చిరి. బాలికకు రెండు చెవులలోను చిల్లులున్నవి. ఎడమచెవిది పెద్దది, పొరలో సగమునకు దగ్గరగా నున్నది.

వైద్యురాలు వారిని మూడు నెలల క్రిందటనే చూచియుండిరట. ఆనాడు చెవి కారుచుండుటచే ఆపరేషను చేయక, చీము తుడిచి, మందులిచ్చి, చెవిని పొడిగా ఉంచుకొని రమ్మని పంపిరి. నాయనమ్మ ఆ సంగతి మాతో చెప్పుచు, "ఆరేళ్లుగా వెల్లుల్లి నూనె పోస్తూనే ఉన్నానండి. అది మానెయ్యమన్నారు. మానేశాక తగ్గింది, ఇదేం విడ్డూరమో!" అనెను. వైద్యురాలు నవ్వి, "మామ్మగారూ, తలుపు లేని గదిలో నూనె పోస్తే ఎక్కడికి పోతుంది? లోపలే నిలుస్తుంది" అనిరి.

వార్డు సభ్యునికి వేరొక సందేహము కలిగెను. "బిందెకు వేసిన మాటు ఏడాది తిరిగేసరికి ఊడుతుంది. ఇది ఊడదా అండీ?" అని అడిగెను. మంచి ప్రశ్నయే. వైద్యురాలు ఇచ్చిన సమాధానమును మేము వ్రాసికొంటిమి: "బిందె మాటు బిందెలో కలవదు. ఇది కలుస్తుంది. మేము పందిరి మాత్రమే వేస్తాము. దానిమీద తీగ పాకినట్టు, అమ్మాయి చర్మమే నాలుగు పక్కలనుంచి పాకి కప్పుకుంటుంది."

బాలికకు పూర్తి మత్తు ఇచ్చిరి. పెద్దవారికైనచో చెవిచుట్టు తిమ్మిరి సూదులు వేసి మెలకువగా ఉండగనే చేయుటయు కలదు. తల వెంట్రుకలు గొరుగలేదు. దుర్భిణి యనగా పెన్సిలుకంటె సన్నని ఉక్కుగొట్టము. లావు 3 లేక 4 మిల్లీమీటర్లు. దాని మొన చెవిలోనికి పోగానే ఎదుటనున్న తెరపై కర్ణభేరి పళ్లెమంతగా కనబడెను. ముత్యపు చిప్ప రంగు పొర, నడుమ నల్లని గుంటవలె చిల్లు, దాని అంచున మెరయుచున్న సుత్తి పిడి. గోరంత వస్తువును మేము తెరపై అంత పెద్దదిగా చూచి కొంత నివ్వెరపడితిమి.

మాటు గుడ్డ ఎచ్చటనుండి తెత్తురు? రోగి శరీరమునుండియే. చెవిరంధ్రమునకు ముందు చిన్న మెత్తని ఎముక తునక వంటిది తడిమినచో తగులును. దాని లోపలివైపున చిన్న కోత పెట్టి, ఆ మెత్తని ఎముకను కప్పియున్న పొరను తీసిరి. మచ్చ బయటికి కనబడదు. కొందరు వైద్యులు కణత కండరమును కప్పియుండు తెల్లని పొరను వాడుదురు. పెద్ద చిల్లులకు ఆ మెత్తని ఎముకను పలుచగా చెక్కి పొరతోపాటు పెట్టుటయు కలదు.

తరువాత చిల్లు అంచును చుట్టును సన్నని కొక్కెముతో గీకి, పచ్చిచేసిరి. ఇది చూచుటకు విరుద్ధముగా తోచును. చిల్లు పూడ్చవచ్చినవారు చిల్లును పెద్దది చేయనేల? మానిపోయిన అంచు దేనితోను అతుకదు, పచ్చిగాయము మాత్రమే అతుకునని చెప్పిరి. మామిడి అంటుకట్టువాడు కొమ్మ బెరడును చెక్కుట ఎందులకో ఎరిగిన రైతునకు ఇది వేరుగా చెప్పనక్కరలేదు. పిమ్మట చెవిదారి చర్మమును అర్ధచంద్రాకారముగా కోసి, పుస్తకపు పుటవలె కర్ణభేరితో కూడ లేపిరి. వెనుక గదిలోని ఎముకల గొలుసు కదలుచున్నదో లేదో తాకి చూచిరి. కదలుచున్నది. సిద్ధముగా నుంచిన పొరను చిల్లునకు లోపలివైపున పరచి, లేపిన పుటను మరల యథాస్థానమున కప్పిరి. లోపలను బయటను కరగిపోవు మెత్తని జెలటిను స్పాంజి తునకలు పేర్చి, పొర కదలకుండ ఒత్తు పెట్టిరి. అంతే. గడియారము చూచితిమి. గంటయు పది నిముషములు పట్టినది.

ఈ దారి ఎట్లు వచ్చినది

చిల్లుపడిన చెవిని మూయవలెనను తలంపు నేటిది కాదు. 1640లో మార్కస్ బాంట్సరు అను జర్మను వైద్యుడు పంది మూత్రాశయపు పొరను దంతపు గొట్టమునకు బిగించి చెవిలో పెట్టుటను వర్ణించెను. 1853లో లండనులో జోసెఫ్ టాయిన్‌బీ వెండితీగకు గుచ్చిన రబ్బరు బిళ్లను వాడెను. ఇవి మూతలే, అతుకులు కావు. రోగి చర్మమునే తెచ్చి అతికించిన కీర్తి 1878లో జర్మనీయుడగు బెర్టోల్డునకు దక్కినది. ఆ పద్ధతి చాలకాలము మరుగునపడి, 1950వ దశకపు తొలి యేండ్లలో వుల్‌స్టైన్, సోల్‌నర్ అను మరి ఇద్దరు జర్మను వైద్యులవలన తిరిగి ప్రాణము పోసికొనెను. ఆ కాలమున శస్త్రచికిత్సకు తగిన మైక్రోస్కోపు చేతికి వచ్చుటయే అందులకు కారణము. నాటినుండి నేటివరకును ప్రపంచమందు చెవి ఆపరేషనులలో అధికభాగము మైక్రోస్కోపు క్రిందనే జరుగుచున్నవి. దానిని తక్కువ చేయుట మా అభిమతము కాదు.

మైక్రోస్కోపునకు ఒక చిక్కు కలదు. అది తిన్నగా మాత్రమే చూడగలదు. చెవిదారి వంకరగా నుండుటచే కర్ణభేరి ముందటి అంచు పెక్కుమందిలో గోడ చాటున దాగును. దానిని చూచుటకై చెవి వెనుక కోసి, చెవిడొప్పను ముందునకు మడచి, ఒక్కొక్కప్పుడు ఎముకను తొలిచి దారి చేయవలసివచ్చును. గడపబయట నిలిచి తలుపుసందున చూచువానికి ఎదుటి గోడయే కనబడును. తల లోనికి పెట్టి చూచువానికి మూలలుకూడ కనబడును. దుర్భిణి చేయునది ఈ రెండవ పని.

ఇట్టి దుర్భిణికి గాజు కడ్డీలతో మంచి చూపు కల్పించినవాడు హెరాల్డ్ హాప్కిన్సు అను బ్రిటిషు భౌతికశాస్త్రవేత్త, 1959లో. అంతకుముందు 1954లో, గాజు పోగుల కట్టగుండ బొమ్మను పంపవచ్చునని ఆయనతో కలిసి ప్రకటించినవాడు మన పంజాబులో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ. నేడు దుర్భిణికి వెలుగును మోసికొనిపోవునవి గాజు పోగుల తీగలే. అయితే ముక్కునకు, కడుపునకు ఇట్టి పరికరములు ముందుగా వాడుకలోనికి వచ్చినవి. చెవి ఆపరేషనును దుర్భిణితోనే మొదటినుండి తుదివరకు చేయుట 1990ల నుండి మాత్రమే వ్యాపించినది.

దుర్భిణికిని లోపము లేకపోలేదు. వైద్యుని ఎడమచేయి దానిని పట్టుకొనుటకే సరిపోవును. పని యంతయు ఒంటిచేతితో చేయవలెను. నెత్తురు ఎక్కువగా ఊరినచో అద్దము మసకబారి, మాటిమాటికి తీసి తుడువవలెను. వెలుగు ఎక్కువైనచో మొన వేడెక్కును, కావున దానిని తగ్గించి వాడవలెను. అనుభవము గల వైద్యుడే దీనికి తగును. ఇక ఫలితములు: రెండు పద్ధతులను పోల్చిన పరిశీలనలలో పొర అతుకుకొను పాళ్లు ఇంచుమించు సమానముగానే ఉన్నవి. సాధారణముగా నూటికి ఎనుబదిమందికి పైగా చిల్లు మూసికొనును. దుర్భిణి లాభమంతయు కోత లేకుండుట, నొప్పి తగ్గుట, త్వరగా ఇంటికి పోవుట యందున్నది. మీ జిల్లా ఆసుపత్రిలో దుర్భిణి లేక మైక్రోస్కోపు మాత్రమే ఉన్నచో, దుర్భిణికై నెలలు ఆగవలసిన పని లేదు.

వాసన వచ్చు చీము వేరు

ఇచ్చట ఒక హెచ్చరిక. పలుచగా, జిగటగా, వాసన లేకుండ కారు చెవి ఒక తీరు. కొద్దిగా కారుచు, దుర్వాసన కొట్టు చెవి మరియొక తీరు. రెండవదానిలో చర్మము లోనికి చొచ్చుకొనిపోయి, పొరలు పొరలుగా పేరుకొని, చుట్టునున్న ఎముకను తినివేయుచుండును. చెదలు వాసమును తినునట్లు, బయటికి కనబడదు. ఇది ముదిరినచో మూతి వంకర పోవుట, కండ్లు తిరుగుట, మెదడునకు చీము పట్టుట జరుగవచ్చును. దీనికి ఈ మాటు చాలదు. చెవి వెనుక ఎముకను శుభ్రపరచు పెద్ద ఆపరేషను కావలెను. దుర్వాసన, నెత్తురు, తీవ్రమైన తలనొప్పి, జ్వరము, మూతి వంకర వీనిలో ఏది కనబడినను ఒక్కదినము కూడ ఆలస్యము చేయరాదు.

పుట్టుకతో వచ్చిన చెవుడు, ముసలితనపు చెవుడు, పెద్ద శబ్దముల మధ్య పనిచేయుటచే వచ్చిన చెవుడు నరమునకు సంబంధించినవి. పొరకు మాటు వేసినందున అవి తగ్గవు. అందుచే ముందుగా వినికిడి పరీక్ష తప్పనిసరి. చిన్నపిల్లలలో చాలమంది వైద్యులు ఏడెనిమిదేండ్లు నిండువరకు వేచియుందురు. అంతవరకు చెవిని పొడిగా కాపాడుటయే చికిత్స.

మూడు నెలల కావలి

పందిరి వేసిన తరువాత తీగ పాకువరకు గొడ్డు పడకుండ చూడవలెను గదా! ఇంటిలోని కావలియు అట్టిదే. చెవిలోనికి చుక్క నీరు పోరాదు. తలస్నానము చేయునపుడు వాసెలిను రాసిన దూదిని చెవికి అడ్డుపెట్టవలెను. కాలువలో, చెరువులో మునుగుట వైద్యుడు అనుమతించువరకు మానవలెను. ముక్కు గట్టిగా చీదరాదు. తుమ్ము వచ్చినపుడు నోరు తెరచి తుమ్మవలెను, లేనిచో గాలి ముక్కు వెనుక గొట్టముగుండ ఎక్కి కొత్త పొరను నెట్టివేయును. బరువు లెత్తుట కొన్ని వారములు కూడదు. నాట్లకు, కోతలకు పోవువారు ఈ లెక్క చూచుకొని ఆపరేషను కాలమును నిర్ణయించుకొనుట మంచిది. మొదటి వారములలో చెవి మూసికొన్నట్లుండుట సహజము. లోపలి స్పాంజి ఇంకను కరగలేదన్నమాట. దానిని చూచి "ఆపరేషను చెడింది" అని పుల్ల పెట్టి తీయబోవువారు కలరు. ఇంతకంటె అపకారము లేదు. మూడవ నెలలో మరల వినికిడి పరీక్ష చేయింతురు.

పొర అతుకనివారికి మరల చేయవచ్చును. చెడుటకు కారణములు పెద్ద చిల్లు, జలుబు, పొగత్రాగుట, నీరు తగులుట, మధ్యచెవికి గాలి సరిగా అందకపోవుట.

పంచాయతీ చేయదగినది

1992 నాటి రాజ్యాంగ సవరణతో చేరిన పదునొకండవ షెడ్యూలు ఆరోగ్యమును, ప్రాథమిక ఆరోగ్యకేంద్రములను పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో చేర్చినది. చెవి విషయములో దానికి పెద్ద ఖర్చు లేదు. చెవి కారు పిల్లలెవరో ఆశా కార్యకర్తకును, అంగన్‌వాడీ కార్యకర్తకును తెలియును. ఆ పేర్లు ఒక్కచోట చేరుట లేదు. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార సంఘపు సమావేశములో ఒకసారి ఆ జాబితా వ్రాయించినచో సగము పని తీరును. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద అంగన్‌వాడీలకు, బడులకు వచ్చు వైద్యబృందములు పరీక్షించు లోపములలో చెవి కారుటయు, వినికిడి లోపమును ఉన్నవి. బృందము వచ్చు దినమున ఆ పిల్లలు బడిలో ఉండునట్లు చూచుట సభ్యుని పని. కూలిపనికో, పెండ్లికో పోయి ఆ దినము తప్పిపోయినవారే మరల కనబడరు.

చెవి వైద్య నిపుణులు జిల్లా ఆసుపత్రులలోను, బోధనాసుపత్రులలోను ఉందురు. హైదరాబాదు కోఠీలోను, విశాఖపట్నములోను చెవి, ముక్కు, గొంతు వ్యాధులకే ప్రత్యేకించిన ప్రభుత్వ ఆసుపత్రులు కలవు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్యసేవ పథకముల క్రింద ఏ ఆసుపత్రిలో ఏ చెవి శస్త్రచికిత్స ఉచితమో అచ్చటి సహాయ కేంద్రములో ముందుగా అడిగి, కార్డు, ఆధారు పత్రము తీసికొని పోవలెను. ఉచితమైనను ఖర్చు లేదనరాదు. నాలుగుసారులు పోయిరావలెను, వెంట పోవువారికి కూలి పోవును. చాలమంది మధ్యలో మానుట ఇందులకే. ఒక ఊరివారు నలుగురైదుగురిని ఒకే దినమున పంపు ఏర్పాటు చేసినచో ఆ భారము తగ్గును.

ఉపాధ్యాయులు అట్టి పిల్లలను ముందు బల్లపై, బాగుగా వినబడు చెవి తమవైపున ఉండునట్లు కూర్చుండబెట్టవలెను. ఆపరేషనుకై వేచియుండు నెలలలో దీనివలన చదువు నిలుచును.

మేము చూచిన బాలిక మూడవ నెల పరీక్షకు వచ్చినపుడు వార్డు సభ్యుడును వెంట వచ్చెను. పొర అతుకుకొన్నది. వైద్యురాలు ఆమె వెనుక నిలిచి, కుడిచెవిని మూసి, మెల్లగా ఊరి పేర్లు చెప్పుచు తిరిగి చెప్పుమనిరి. బాలిక అన్నియు చెప్పెను. ఒక్క పేరు తప్పినచో నాయనమ్మ అందించబోయి, వైద్యురాలు వారించుటచే ఊరకుండెను. కుడిచెవి ఇంకను పొడిగా లేదు. దానిని సంక్రాంతి దాటిన పిమ్మట చూతమని చీటీలో తేదీ వ్రాసియిచ్చిరి. వార్డు సభ్యుడు ఆ తేదీని తన పుస్తకములోను ఎక్కించుకొని, బస్సు వేళ అగుచున్నదని వారిని తొందరపెట్టుచు బయలుదేరెను.